మూడు సూదుల తర్వాత

ఇది రాస్తున్నానని చెప్పినప్పుడు మా ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "రాస్కో. కానీ నేను బస్సు దిగిన కాడ ఆపెయ్యి. ఆ తర్వాతది నీది కాదు, నాది" అంది. సరే అన్నాను, ఇంకేమనగలను? కాబట్టి ఆ తర్వాత ఏమైంది, ఎట్లా సర్దుకున్నారు అని నన్నెవరూ అడగొద్దు. ఇప్పుడు ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, అంతవరకు చెప్పడానికి నాకు అనుమతి ఉంది.

నేను పశువులకు సూదులు వేసేవాణ్ణి. జ్వరానికి వేసే సూది కాదు, ఎద సూది. బర్రె గానీ ఆవు గానీ ఎదకు వస్తే రైతు దున్నపోతు కోసం ఊళ్ళు తిరగకుండా నాకు ఫోన్ చేస్తాడు. నా బండి వెనక ఒక క్యాను కట్టి ఉంటుంది. దాని మూత తీస్తే పొగలు వస్తాయి. చూసేవాళ్ళు వేడి అనుకుంటారు, నిజానికి వేలు పెడితే చర్మం ఊడొచ్చేంత చల్లదనం. లోపల ద్రవ నైట్రోజన్, అందులో మునిగి సన్నటి గొట్టాలు, ఒక్కో గొట్టంలో మంచి జాతి దున్న వీర్యం గడ్డకట్టి ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, భుజం దాకా తొడుగు వేసుకుని పని కానిస్తాను. చండ్రుగొండ చుట్టుపక్కల పదిహేను ఊళ్ళు నావి. కొన్ని అడవి అంచున ఉన్నాయి, అక్కడ సిగ్నల్ దొరకదు. ఎవరో ఒకరు రోడ్డు మీదికి వచ్చి నిలబడి "డాక్టర్‌సాబ్, జల్దీ రా, పొద్దటి సంది ఒర్రుతంది" అని కేకేస్తారు, ఒర్రడమంటే బర్రె అరవడం. నేను డాక్టర్ని కాదు. ఎన్నిసార్లు చెప్పినా వినరు, చెప్పడం మానేశాను.

ఈ పనిలో సిగ్గుపడటానికి తీరిక ఉండదు. ఎద లక్షణాలు చెప్పేది ఎక్కువగా ఆడవాళ్ళే. జిగురు ఎట్లా పడుతోంది, ఎన్ని గంటలకు మొదలైంది, పక్క బర్రె మీదికి ఎక్కుతోందా, ముసలమ్మల దగ్గర్నుంచి కొత్త కోడళ్ళ దాకా నలుగురిలో నిలబడి గట్టిగా చెప్తారు. అదే మనిషి తన ఒంట్లో సంగతి ఆశ కార్యకర్తకు చెప్పాలంటే ఇంటి వెనక్కి తీసుకుపోయి చెవిలో చెప్తుంది. బర్రె గురించి ఊరంతా మాట్లాడొచ్చు, మనిషి గురించి నోరెత్తితే కొంప మునుగుతుంది. పదేళ్ళు ఆ వాకిళ్ళలోనే తిరిగాను, ఈ తేడా నా కంటికి ఆనలేదు.

మాకు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. టీ హోటల్ దగ్గర ఆగితే చాలు, ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. "ఏందన్నా, నీ చెయ్యి పడితే మండలంల బర్రెలన్నీ చూడి కడుతున్నయ్. ఇంట్ల మాత్రం గిట్లేంది?" అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. నవ్వి, సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి బండెక్కేవాణ్ణి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అయింది నా బతుకు. నాకు కుదురు మొదట్నుంచీ లేదు. "నీ కాళ్ళ కింద నిప్పులున్నయారా?" అని అమ్మ చిన్నప్పట్నుంచీ అంటూనే ఉంది. ఈ మాటలు పడటం మొదలయ్యాక ఉన్న కాస్త కుదురూ పోయింది. కంచం ముందు నుంచి సగంలో లేచిపోయేవాణ్ణి. బండి స్టార్ట్ కాకపోతే దాన్ని తన్నేవాణ్ణి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే.

మా ఆవిడది తల్లాడ. డిగ్రీ చదివింది, వాకిట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నోరున్న మనిషి, నేను ఒకటంటే రెండంటుంది. మాకు ఒకరంటే ఒకరికి బాగా ఇష్టం. ఈ మాట రాయమని ఆమే చెప్పింది, "పిల్లలు లేరంటే మంచం మీద కూడా ఏం లేదనుకుంటరు, రాయి" అని. మొదటి రెండేళ్ళు మధ్యాహ్నం ఎండకు నేను ఇంటికొచ్చే వేళకు అమ్మ చేనుకు పోయి ఉంటే, కుట్టుమిషను చప్పుడు ఆగిపోయేది. జాకెట్టు ఇంకా ఎందుకు కాలేదని వచ్చినవాళ్ళకు తెల్లారి ఏవో కుంటిసాకులు చెప్పేది. అవి మంచి రోజులు.

ఆరో ఏడు ఖమ్మంలో ఒక దవాఖానాకు పోయాం. మిర్చి కోతల కాలం, దారి పొడుగునా కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసి ఉంది. ఆమెకు చేసిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. లేడీ డాక్టరు ఫైలు మూసి "మీ ఆయన్ని పిలువమ్మా" అంది. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. లోపలికి పోతే చీటీ రాసిచ్చి ల్యాబుకు పొమ్మంది. అక్కడ నా చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. బాత్రూము ముందు నలుగురు మగవాళ్ళు అలాంటి డబ్బాలే గుప్పిట్లో దాచుకుని నలుగురూ నాలుగు దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నారు. రోజూ దున్నల వీర్యం చేత్తో పట్టుకునేవాణ్ణి, ఆ డబ్బా చూసేసరికి నాకు చెమటలు పట్టాయి. రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాను. మళ్ళీ డాక్టరు గదిలోకి పోయి "నేను కొత్తగూడెంల చేయించిన మేడమ్. మంచిగనే ఉంది" అన్నాను.

"రిపోర్టేది?"

"ఇంట్ల మర్చిపోయిన."

ఈసారి తెమ్మంది. బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఫైల్లో ఏదో గీకింది. ఏడాది మందులు వాడి చూద్దాం, అప్పటికీ నిలవకపోతే పొట్టలో కెమెరా పెట్టి చూద్దాం అంది. గది బయటికి రాగానే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఎప్పుడు చేయించినవ్?" "మొన్న సామాను కోసం కొత్తగూడెం పోయినప్పుడు." "మరి నాకు చెప్పొద్దా?" అని నవ్వింది. నిజంగానే సంతోషపడింది. నాకు అబద్ధం ఆడిన బాధ కూడా కలగలేదు. నాకేం తక్కువ, మంచి బలమైన మనిషిని, చేయిస్తే అట్లానే వస్తుంది కదా అనుకున్నాను. పనికి ముందే కూలి తీసుకున్నట్టు, పరీక్షకు ముందే ఫలితం చెప్పేశాను. అంతే అనుకున్నాను.

ఆ మందులు మొదలయ్యాక నా బుద్ధి ఎట్లా పనిచేసిందో చెప్పాలి. నా దగ్గర పశువుల రిజిస్టరు ఉంటుంది. ఏ ఊరు, ఏ రంగు, ఎన్నో ఈత, ఎద ఎప్పుడు కనపడింది, సూది ఎప్పుడు వేశాను, అన్నీ గీతలు కొట్టి రాస్తాను. పొద్దున ఎద కనపడితే సాయంత్రం సూది, సాయంత్రం కనపడితే తెల్లారి సూది, అది మా సూత్రం. ఆ రిజిస్టరు చివరి పేజీలో అవే గీతలు కొట్టి మా ఆవిడ తేదీలు రాయడం మొదలుపెట్టాను. నెలలో ఆ మూడు రోజులు లెక్కకట్టి, ఎక్కడున్నా బండి తిప్పుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. పేడ వాసన కూడా కడుక్కోకుండా, గడియారం చూసుకుంటూ. పని అయిపోగానే మళ్ళీ బండి. మిగతా రోజుల్లో ఆమె దగ్గరికి వస్తే, సరుకు వృథా అవుతుందని పక్కకు జరిగేవాణ్ణి. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ సరుకు అనే మాటే నా మనసులో మెదిలేది.

మూడు నెలలు ఓర్చుకుంది. నాలుగో నెల పెన్ను కోసం వెతుకుతుంటే రిజిస్టరు ఆమె చేతికి చిక్కింది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ పేజీ తెరిచి పట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఇది ఏ ఊరి బర్రె?" అంది.

నేను రిజిస్టరు అందుకోబోయాను.

"మూడు నెలలకు నాకు గూడ చెయ్యి పెట్టి చూస్తవా, చూడి కట్టిందో లేదో? చెప్పు, చూస్తవా?" ఆ పేజీ చింపి పొయ్యిలో పడేసింది. తర్వాత ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను తిట్టింది. చివరికి ముక్కు తుడుచుకుని "నాకు మనసైన రోజు నేను చెప్త. నీకు మనసైన రోజు నువ్వు చెప్పు. ఇంగ లెక్క గిక్క ఇంట్లకు తెస్తే చూడు మరి" అంది.

అప్పుడు కోపం వచ్చింది కానీ, ఆమె అన్నదాంట్లో నా చదువుకు అందని సంగతి ఉంది. బర్రెకు ఎద వస్తే లోకమంతటికీ తెలుస్తుంది. ఒర్రుతుంది, మేత మానేస్తుంది, తాడు తెంపుకుంటుంది. ఆ ఒక్క రోజు దాటితే దున్న వైపు కన్నెత్తి కూడా చూడదు. ఆడమనిషికి అట్లాంటి గుర్తు బయటికి కనపడదు. ఆమెకే సరిగ్గా తెలియదు. కానీ ఏ రోజైనా ఇష్టం పుట్టొచ్చు, ఏ రోజైనా పుట్టకపోవచ్చు. పశువుకు వాసన చాలు, మనిషికి మాట కావాలి. పదేళ్ళు ఎదల మధ్య బతికినవాణ్ణి, ఈ చిన్న ముక్క నాకు పొయ్యిలో కాలుతున్న కాగితం చెప్పింది.

ఆ వేసవి అడవి అంచున ఒక ఊళ్ళో ఒక ముసలామె బర్రె దగ్గర ఇబ్బంది వచ్చింది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి ఆమెను. మొగుడు లేడు, ఒక్క బర్రె ఉంది, దాని పాలు పాలకేంద్రంలో పోసుకుని బతుకుతుంది. ఆ బర్రెకు మూడుసార్లు సూది వేశాను, మూడుసార్లూ నిలవలేదు. మళ్ళీ ఎదకొచ్చింది. మా శిక్షణలో ఒక పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: మూడు సూదులకు నిలవకపోతే బర్రెను తిట్టకు, ముందు నీ సూదిని చూసుకో. నేను ఆ మాట మరిచిపోయి "నీ బర్రెలనే ఏదో ఉంది పెద్దమ్మా, గర్భసంచి కడిగించాలె" అన్నాను.

"నా బర్రెకేం రోగం లేదయ్యా. నిరుడు దూడ పెట్టింది గద. ముందుగాల నీ డబ్బాల సరుకు చూసుకో నువ్వు."

"నాకు నేర్పుతున్నవా?" అని లేచాను. బండిని తన్ని స్టార్ట్ చేసి రోడ్డెక్కాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, రెండు మైళ్ళు పోయాక నాకు అదే పని అయింది. చింతచెట్టు కింద ఆగి క్యాను మూత తీశాను. పొగ రాలేదు. పుల్ల పెట్టి చూస్తే అడుగున నైట్రోజన్ తడి కూడా లేదు. వారం వారం కొలవాలి, ఎన్ని వారాలు కొలవలేదో నాకే గుర్తు లేదు. మూత కూడా సరిగా బిగించలేదు, హడావుడి మనిషిని కదా. ఎవర్నో అనడానికి లేదు.

పశువుల దవాఖానాకు పోయేసరికి ఒంటిగంట దాటింది, ఎవరూ లేరు. తాళంచెవి కిటికీ మీద ఉంటుంది, నాకు తెలుసు. లోపల గడియ పెట్టి, ఒక గొట్టం తీసి గోరువెచ్చని నీళ్ళలో ముంచి, ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. రెండో గొట్టం, మూడో గొట్టం, అంతే. ముసలామె అన్నది నిజం, బర్రెది ఏం తప్పు లేదు, నేను మోసుకు తిరిగింది చచ్చిన సరుకు.

అక్కడితో ఇంటికి పోవాల్సింది. పోలేదు. గాజుపలకలు ఇంకా నాలుగు మిగిలాయి. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను, ఎండకు రేకులు టపటపమంటున్నాయి. మూడు సూదుల మాట తలలో తిరుగుతోంది. బర్రెకు మూడు సూదులు, మరి నా ఇంట్లో ఆరేళ్ళు. నేను కొత్తగూడెంలో చేయించని పరీక్ష ఇక్కడ నాకు నేనే చేసుకోవచ్చు కదా అనిపించింది. విడమరిచి చెప్పక్కర్లేదు. చేసుకున్నాను. చుక్క వేసి కన్ను ఆనించాను.

ఏమీ లేదు. కదిలేవి లేవు, సరే. చచ్చినవి కూడా లేవు. తెల్లగా వెలుతురు, ఆ వెలుతురులో రెండు మూడు దుమ్ము కణాలు. అద్దం తిప్పాను, పలక మార్చాను, మళ్ళీ చూశాను. దున్నల వీర్యంలో ఒక చుక్కకు ఎన్నెన్నో చూసిన కళ్ళు నావి, పొరబాటు పడటానికి లేదు. నేల మీద కూర్చుండిపోయాను.  తర్వాతి రెండు ఆదివారాలు మళ్ళీ పోయి చూసుకున్నాను. అదే వెలుతురు, అదే దుమ్ము.

మొదటిసారి చూసుకున్న ఆ తెల్లారి ఏం చేశానో విన్నారా? పొద్దున్నే ఆ పెద్దమ్మ ఇంటికి పోయాను. చేతులు జోడించి "తప్పు నాదే పెద్దమ్మా. నీ బర్రె మంచిదే. డబ్బాల సరుకే చచ్చిపోయింది, నేను చూసుకోలే" అన్నాను. ఆమె చేతిలో గడ్డి బర్రె ముందు వేసింది. "చెప్పినవ్ గద, చాలు బిడ్డా. నేను దాన్ని తిట్టుకుంట ఒకటి రెండు దెబ్బలు గూడ కొట్టిన, నోరు లేనిది" అని పోయి బర్రె మెడ నిమిరింది. నాకు చల్ల ఇచ్చింది. కొత్త క్యాను వచ్చాక వేసిన మొదటి సూదికే ఆ బర్రె చూడి కట్టింది. తప్పు ఒప్పుకున్న ఆ వేళే ఇంటికొచ్చి ఈ సంగతంతా, ఒక్కటి తప్ప, మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను. "మంచి పని చేసినవ్. ఎంతమంది ఒప్పుకుంటరు గట్ల?" అని మెచ్చుకుంది, ఆ పూట గుడ్డు కూర వండింది. తిన్నాను.

ఆ ఒక్కటి మాత్రం నోటికి రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. రైతులకు నేనే పాఠాలు చెప్పేవాణ్ణి, దున్న ఎంత బలిసినా, ఎంత పొగరుగా ఎక్కినా వీర్యంలో జీవం లేకపోవచ్చు, ఎక్కుడు వేరు, నిలుపుడు వేరు అని. అది మగతనానికి సంబంధించింది కాదని ఇంకొకడికైతే ఇట్టే చెప్తాను. నా దాకా వచ్చేసరికి తల నుంచి కాళ్ళ దాకా భయం. టీ హోటల్ నవ్వులు వినపడేవి. అమ్మ మొహం కనపడేది. అన్నిటికంటే, మా ఆవిడ కళ్ళలో నేను పలచబడిపోతానేమోనని భయం. ఖమ్మం పోయి సరిగ్గా పరీక్ష చేయించుకుంటే వైద్యం ఏదైనా ఉందేమో అడగొచ్చు. అదీ చెయ్యలేదు. బండి మాత్రం పొద్దస్తమానం తిప్పాను. పని లేని ఊళ్ళకు కూడా పోయేవాణ్ణి.

ఒళ్ళు కూడా నా మాట వినడం మానేసింది. ఆమె చెయ్యి వేస్తే ఆ తెల్లటి వెలుతురు కళ్ళ ముందుకొచ్చేది, అంతే, చచ్చుపడిపోయేవాణ్ణి. అలసిపోయానని అటు తిరిగేవాణ్ణి. మైక్రోస్కోపు చెప్పింది ఒకటి, నా భయం చేసింది ఇంకొకటి. రెండింటికీ సంబంధం లేదని తెలిసీ రెండూ కలిపేసుకున్నాను. ఒక మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి నా ఎదురుగా వచ్చి కూర్చుని అడిగింది. "నిజం చెప్పు. పిల్లలు కాలేదని నా మీద మనసు విరిగిందా నీకు?"

"ఏం లేదు. ఎండలు ఎక్కువైనయ్" అన్నాను. అప్పటికి వానలు మొదలై నెలయింది.

అమ్మకు ఎవరో చెప్పారని అడవి లోపలి ఊరి నుంచి పసరు తెప్పించింది. వరసగా మూడు ఆదివారాలు పరగడుపున తాగాలి. మా ఆవిడకు వాటి మీద నమ్మకం లేదు, అయినా తాగింది. "తాగకపోతే రేపు ఆ మాట గూడ నేనే పడాలె" అంది. తాగి, ఇంటి వెనక వంగి పచ్చగా కక్కుకుంటుంటే నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. మూడు ఆదివారాలూ నిలబడ్డాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. చించుకోవాల్సిన కడుపు నాది, కోయించుకోవడానికి సిద్ధమవుతున్నది ఆమె. ఆ సంగతి చెంబు పట్టుకున్న నాకు తెలుసు.

మళ్ళీ మిర్చి ఎర్రబడింది. ఏడాది అయింది, నిలవలేదు. ఖమ్మంలో డాక్టరు అన్నట్టే కెమెరా ఆపరేషన్‌కు రోజు పెట్టింది. బొడ్డు దగ్గర చిన్న కోత, పక్కన ఇంకొకటి, ఒక్క రోజు ఉంటే చాలన్నారు. ఆమె గాజులు తీసి నా జేబులో పోసింది. ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది, కాళ్ళు ఊపుతోంది, భయపడితే కాళ్ళు ఊపుతుంది. "మత్తు సూది నొప్పి ఉంటదా?" అని అడిగింది. సూదుల సంగతి నాకే తెలియాలి కదా.

నర్సు కాగితం తెచ్చి "భర్త సంతకం" అంది. పెన్ను తీసుకున్నాను. ఇదే ఆఖరి తావు, ఇక్కడ చెప్తే ఆమెకు కోత తప్పుతుంది, ఇది నాకు నా చేతి పెన్నంత స్పష్టంగా తెలుసు. "సిస్టర్" అన్నాను.

"ఏంది?"

"ఎంతసేపు పడుతది?"

"అర్ధగంట, ముప్పావుగంట" అని వేలితో సంతకం చోటు చూపించింది. పెట్టాను. తలుపు మూసుకున్నాక వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. జేబులో గాజులు గలగలమంటుంటే చేత్తో అదిమి పట్టుకుని నడిచాను. నా మీద నాకే అసహ్యమేసింది, అయినా నడక ఆపలేదు.

తెల్లారి డాక్టరు వచ్చి అంతా శుభ్రంగా ఉందమ్మా, నీలో ఏ ఇబ్బందీ లేదు అంది. నా వైపు తిరిగి "మీ రిపోర్టు ఒకసారి తెచ్చి చూపించండి, ఏడాది నుంచి అడుగుతున్నా" అంది. తలూపాను. కారు మాట్లాడతానంటే మా ఆవిడ వద్దంది. "ముందు సీటు దొరికితే బస్సే మంచిగుంటది. నాకు టికెట్టు గూడ లేదు" అని నవ్వింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. శాలువా మడిచి పొట్ట మీద పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదుముకుంటోంది.

వైరా దాటాక నా భుజానికి తల ఆనించింది. "నాలో ఏం లేదంట, విన్నవా? ఇగ మీ అమ్మ ముందు తలెత్తుకుని తిరుగుత. నీకూ లేదు, నాకూ లేదు. మరెందుకు అయితలేదో దేవునికే ఎరుక. అయినప్పుడే అయితది, ఇంగ మందులొద్దు, పసర్లొద్దు. మనం మంచిగుందాం" అంది.

నీకూ లేదు అన్న ఆ మాటను దాటి పోనియ్యలేకపోయాను. "నాకుంది" అన్నాను. బస్సు చప్పుడులో వినపడలేదు.

"ఆఁ?"

"లోపం నాకుంది" అని గట్టిగా అనాల్సి వచ్చింది. మా ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది.

మా ఆవిడ భుజం మీద నుంచి తల తీసింది. "ఎవరు చెప్పిండ్రు?"

"నేనే చూసుకున్న. పశువుల దవాఖానాల, మైక్రోస్కోపుల. మూడుసార్లు చూసిన. ఏం లేవు."

"కొత్తగూడెంల చేయించినవ్ గద?"

"చేయించలే."

"ఎప్పుడు చూసుకున్నవ్?"

"ఎండకాలం. పెద్దమ్మ బర్రె సరుకు చూసిన నాడే."

శాలువా మీద వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలల దగ్గర ఆగింది. నేను ఇంకేదో చెప్పబోయాను, భయపడ్డానని, నీ కంటికి చులకనైపోతానని అనుకున్నానని. ఆమె చెయ్యెత్తి ఆపింది. తిట్టలేదు. నోరున్న మనిషి తిట్టకపోతే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. 

తల్లాడ బస్టాండులో బస్సు ఆగింది. ముందు సీటు కడ్డీ పట్టుకుని మెల్లగా లేచింది. కుట్ల దగ్గర పట్టేసినట్టుంది, పళ్ళ బిగువున నిలబడింది. నేను కూడా లేచి చెయ్యి అందించాను. అందుకోలేదు. గాజుల కోసం చెయ్యి చాపింది, జేబులోంచి తీసి ఇచ్చాను. వేసుకోలేదు, కొంగులో ముడేసుకుంది.

"ఆ పెద్దమ్మ ఇంటికి తెల్లారే పోయినవ్" అంది. "నేను నీ ఇంట్లనే ఉన్న."

ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ దిగింది. పొట్ట పట్టుకుని, వెనక్కి తిరగకుండా, పుట్టింటి సందు వైపు నడిచింది. బస్సు ఇంకా ఆగే ఉంది. కండక్టరు నన్నూ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. "ఏందన్నా, ఆమె నీ మనిషే గద? దిగవా?"

"నా టికెట్టు చండ్రుగొండ దాకా ఉంది" అన్నాను.